మజ్జిగ తాగొచ్చిన గంగన్న

రెండేళ్ల కిందటి ఎండాకాలం. అనంతపురంలో ఒక ఆసుపత్రి యూరాలజీ వార్డులో నర్సుగా చేస్తున్నాను. కళ్యాణదుర్గంలో మరమరాలు వేయించే బొరుగుల బట్టీ నడిపే గంగన్న, భార్య సాలమ్మతో వచ్చాడు. మూత్రసంచిలోని క్యాన్సర్ గడ్డను డాక్టరుగారు అప్పటికే తీసేశారు. మళ్లీ రాకుండా వారానికోసారి బీసీజీ ఎక్కించాలి. అది పని చేయకపోతే మూత్రసంచినే తీసేయాల్సి రావచ్చు. ఆ మాట విన్నప్పటి నుంచి గంగన్నకు నిద్ర లేదు.

బీసీజీ అంటే పసిబిడ్డలకు వేసే టీబీ టీకా మందే. సన్నటి గొట్టంతో మూత్రసంచిలోకి పంపి, రెండు గంటలు ఆపుకోమంటాం. ఒంట్లోని రక్షణ కణాలు ఉలిక్కిపడి అక్కడికి పరుగెత్తుకొస్తాయి. వాపు, మంట పుడతాయి. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటాం. ఏళ్ల తరబడి తగ్గని వాపు క్యాన్సర్‌కు దారితీయొచ్చు. ఇక్కడ మాత్రం వాపును మేమే కావాలని రాజేసి, మిగిలిపోయిన క్యాన్సర్ కణాల మీదికి ఉసిగొల్పుతాం. ఈ పని నాకు భలే ఇష్టం.

మూడోసారి మందు ఎక్కించిన కాసేపటికే గంగన్న బాత్రూముకు పరుగెత్తాడు. మందంతా పోయింది. నాకు ఒళ్లు మండింది.

"పొద్దున ఏం తాగినావప్పా? నీళ్లు తగ్గించమని చెప్పినాం కదా!"

సాలమ్మ ముందుకొచ్చింది. "మంట మంటని ఏడుస్తాండాడు మేడం. ఉడుకు చేసిందని చెంబుడు మజ్జిగ, సబ్జా నీళ్లు నేనే తాపినా."

"రోగం తిరగబెట్టినట్టుండాది," అన్నాడు గంగన్న. "ఈ మందు నాకొద్దు సిస్టర్."

"ఇసుక కాగకుండా బొరుగులు పొంగుతాయా అన్నా?"

"యాడ పొంగుతాయి?"

"నీ లోపల బట్టీ ఇప్పుడే రాజుకుంటాంది. అది కాగకముందే మీరు నీళ్లు పోస్తాండారు! రెండు గంటలు ఓర్చుకో. ఆ తర్వాత ఎంత మజ్జిగైనా తాగు. జ్వరమొచ్చినా, రక్తం పడినా మాత్రం దాచొద్దు."

తర్వాతి వారం నాలుక ఎండిపోయి వచ్చాడు. మజ్జిగ సీసా సాలమ్మ చంకలో ఉంది. పళ్లు బిగబట్టి, అటూ ఇటూ పొర్లి, రెండు గంటలూ ఓర్చుకున్నాడు. ఆ పైన ఒక్క వారం కూడా తప్పలేదు.

కొన్ని నెలలకు డాక్టరుగారు సిస్టోస్కోపీ చేశారు. కెమెరా గొట్టంతో లోపలంతా వెతికారు. తెర మీద ఎక్కడా మచ్చ లేదు. మూత్ర పరీక్షలోనూ క్యాన్సర్ కణాలు కనిపించలేదు. "గెలిచినాం సిస్టర్!" అని గంగన్న వేసిన కేక వార్డు చివరిదాకా వినిపించింది. నేనూ సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

అప్పటి నుంచి మొదటి మందుకు ముందే ఇంట్లోవాళ్లను పిలిచి, ఉడుకు చేస్తే ఏం తాపుతారని అడుగుతున్నాను. రోగి ఒక్కడికే చెబితే సరిపోదని ఆ చెంబుడు మజ్జిగే నేర్పింది.

ఇప్పుడు పరీక్షకు వచ్చినప్పుడల్లా గంగన్న తన బట్టీ బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెస్తాడు. మొన్న ఒక బజ్జీ కొరికేసరికి కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల గ్లాసు అందుకోబోతే గంగన్న దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"ఓర్చుకో సిస్టర్," అన్నాడు నవ్వుతూ. "రెండు గంటలు."