కంచె బయటి పూలు

డెల్ఫియా నీస్ మా కెంటకీ కొండల్లో ఎనభై ఒక్కేళ్లు బతికింది. టర్కీ అనే వాగు మొదలయ్యే చోట పుట్టి అక్కడే పోయింది. బడి వంటగదిలో ఇరవై ఏళ్లు చిక్కుళ్లు ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాల్చి మా పిల్లలందరికీ పెట్టింది. ఏటా మే నెలలో కొండమీది తమవాళ్ల సమాధులపై గడ్డి చెక్కి, మట్టి ఎగదోసి, పూలు పెట్టేది.

నేను చదివింది ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి. అయినా ప్రభుత్వం తరఫున ఇరవై ఆరేళ్లు బొగ్గు గనులు తనిఖీ చేశాను. పైనుంచి తవ్వి బొగ్గు తీసిన కంపెనీ, కొండను మళ్లీ కొండలా పేర్చి, గడ్డి మొలిపించి, వాగు నీళ్లు తేటగా ఉంచాలి. కొన్నేళ్లు గడిచాక నేను చూసి సంతకం పెడితేనే అది ముందుగా కట్టిన హామీ సొమ్ము దానికి వెనక్కి వస్తుంది. రెండు వందల పద్నాలుగు కొండలకు పెట్టాను. ఒక్కటీ జారలేదు. కంపెనీ వాళ్ల కాఫీ ఒక్క చుక్క ముట్టలేదు. నా గొలుసు కొలత తప్పదని పై అధికారులే అనేవారు.

తప్పింది లెక్క, అదీ ఒక్కచోట. తవ్వకానికి ముందు డెల్ఫియా వాళ్ల శ్మశానం హద్దు రాయడానికి వెళ్లాను. సమాధుల చుట్టూ వంద అడుగులు తవ్వకూడదని చట్టం. కంచెలో సమాధి రాళ్లు లెక్కపెట్టి పదకొండు సమాధులని రాశాను. డెల్ఫియా అత్త పన్నెండంది. చుట్టం కాకపోయినా మా వైపు పెద్దావిడ అత్తే. పేరు పెట్టకముందే పోయిన బిడ్డకు ఆ ఇంటివాళ్లు రాయి వేయరు. కంచెకు దూరంగా, వాలులో పూడ్చి, ఏప్రిల్‌లో పూసే పసుపు ఈస్టర్ పూల దుంపలు నాటుతారు. ఆవిడ మొదటి కూతురు ఒక్క రాత్రి బతికింది. నేను వెళ్లింది ఆగస్టులో. పూలు ఎప్పుడో వాడిపోయి ఉత్త గడ్డే కనిపించింది. ఆచారం నాకు తెలియక కాదు. కాగితంలో రాళ్లకు గడి ఉంది, పూలకు లేదు. ఆ వాలంతా పేల్చేశారు.

ఏడేళ్లకు, ఏప్రిల్‌లో, ఆఖరి తనిఖీ. వాలు సరిగ్గా ఉంది, గడ్డి బాగుంది, నీళ్లు బాగున్నాయి. కానీ ఆ కొండమీద పిట్ట వాలదు. అడుగు వేస్తే ఒక క్షణం ఆగి, లోపలెక్కడో రాయి కదిలిన చప్పుడు వచ్చేది. గడ్డి మధ్యలో ఒక పసుపు పూల గుబురు. పలచటి పైమట్టి కింద అంతా వంద అడుగుల లోతునుంచి తెచ్చి పోసిన రాతిపొడే. అందులో ఏ దుంపా బతకదు.

"ముసలావిడ నాటి ఉంటుంది సార్," అని నవ్వాడు కంపెనీ మనిషి రాడ్నీ టాకెట్.

పూల నుంచి కంచె దాకా కొలిచాను. రెండు వందల పన్నెండు అడుగులు.

పన్నెండు రోజులకు సంతకం పెట్టడానికి వెళ్తే నూట డెబ్బై ఒకటి. మూడుసార్లు కొలిచాను. పాతచోట గడ్డి చెక్కుచెదరలేదు. అక్కణ్ణుంచి పూలదాకా వరసగా చిన్న చిన్న గుంటలు, ఒక్కోటి నా మూర కన్నా పొట్టి. రాడ్నీ ఈసారి నవ్వలేదు. ట్రక్కు దగ్గరే నిలబడిపోయాడు.

డెల్ఫియా అత్త కంచె గేటు పట్టుకుని ఉంది. నేను సంతకం పెడితే ఆ వాలు పశువులవాడికి పోతుంది, వాడు మేత వేయడానికి దున్నేస్తాడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"రాళ్లు లెక్కపెట్టడంలో నిన్ను మించినవాడు లేడురా ఆర్లిస్," అంది ముందు. తర్వాత పూలవైపు చూపించి, "చిన్నది కదా, నడక నెమ్మది. ఇంకో ఏడాది ఆగు. నేను లేకపోయినా గేటు తీసే ఉంచు," అంది.

సంతకం పెట్టలేదు. 'నేల ఇంకా కుదురుకోలేదు' అని రాశాను. అబద్ధం కాదు.

ఆ చలికాలంలోనే అత్త పోయింది. ఆవిణ్ణి ఆ కంచెలోనే పూడ్చి వస్తూ గేటు బార్లా తీసి, అది కదలకుండా రాయి అడ్డం పెట్టాను.

ఏప్రిల్‌లో వెళ్లాను. వాలు మీద ఒక్క పువ్వూ లేదు. గుంటలు గేటు దాకా వచ్చి ఆగిపోయాయి. నేను పెట్టిన రాయి పక్కకు జరిగి ఉంది. గేటు మూసి, గొళ్లెం వేసి ఉంది. లోపల, అత్త మట్టిదిబ్బకు ఎడమపక్కన, చంకలో బిడ్డను పడుకోబెట్టుకునే చోట, పసుపు పూల గుబురు.

ఆ మే నెలలో మట్టి ఎగదోసింది నేనే, రెండింటికీ. తర్వాతే సంతకం పెట్టాను. పాత కాగితంలో పదకొండు కొట్టేసి పన్నెండు రాశాను. ఇరవై ఆరేళ్లలో నేను దిద్దిన అంకె అదొక్కటే.