తలుపు రెక్కలు రెండు

అమలాపురంలో మ్యాట్నీ చూసి వచ్చి మూడు రోజులైంది. సినిమా బాగాలేదు. ఒక దాదాకి రావలసిన బాకీలు వసూలు చేసే ఇద్దరు స్నేహితుల కథ అది. ఒకడు లావు, ఒకడు సన్నం. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఒకే బండి మీద తిరుగుతారు. ఇంటర్వెల్ తరువాత ఇద్దరూ మంచివాళ్లయిపోతారు. ఎందుకయ్యారో తీసినవాళ్లకైనా తెలుసో లేదో.

నన్ను తీసుకెళ్లింది నా పాత సహోద్యోగి. మేమిద్దరం ఒక సహకార సంఘంలో పాతికేళ్లు పంట రుణాలు వసూలు చేశాం. రిటైరయ్యాక నాకు మిగిలిన స్నేహం ఆయనొక్కడే. "మన కథేనంటండీ గురువుగారూ, చూడకపోతే ఎలాగండీ?" అని ఫోన్ చేస్తే కాదనలేకపోయాను.

తెర మీద లావాటివాడు ఒక ఇంటి తలుపును కాలితో తన్నాడు. అది విరిగి లోపల పడింది. వాడేదో జోకు వేశాడు, హాలంతా నవ్వింది. ఆయన నన్ను మోచేత్తో పొడిచి, "పాడుచేసేసేడండీ! మనమైతే ఒక్క స్క్రూ వంగకుండా ఊడదీసేవాళ్లం," అన్నాడు.

నిజమే. బాకీ కట్టని ఇళ్ల తలుపులు జప్తు చేసి తేవడం అప్పట్లో మా పని. గొంతు పెంచేవాళ్లం కాదు. "ఏమనుకోకండి, పైవాళ్ల ఆర్డరండీ" అంటూ స్క్రూడ్రైవరు తీసేవాళ్లం. ఊడదీసిన తలుపు మీద నేను సుద్దముక్కతో నంబరు వేసేవాణ్ని. మాకు మజ్జిగ ఇచ్చి మరీ తలుపులిచ్చిన ఇళ్లున్నాయి.

తరువాతి సీన్లో ఆ ఇద్దరూ బిర్యానీ తింటున్నారు. తలుపు విరిగిన ఇల్లు మళ్లీ తెర మీదకి రాలేదు. చివరిదాకా నేను దాని కోసమే చూశాను.

బయట టీ కొట్టు దగ్గర అడిగాను. "ఆలమూరు అవతల ఒక ఇల్లు, గుర్తుందా మీకు? వాన పడుతోంది. బాలింత తలుపు పట్టుకుని వదల్లేదు."

"ఏ ఇల్లండీ?"

"'పసిగుడ్డుందండీ, కుక్కలొచ్చేస్తాయండీ' అంది. మీరేమో 'గుమ్మానికి చీర కట్టుకోమ్మా, గాలి బాగా వస్తాది' అన్నారు."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నేనా? ఆడకూతురితో అలా అంటానా అండీ? సినిమా చూసి అదీ ఇదీ కలిపేసుకుంటున్నారు మీరు."

"నేను నవ్వాను కూడా."

"అయితే మీ డైరీలో ఉండాలి కదండీ. గోదారి ఎన్ని మెట్లు ఎక్కిందో కూడా రాసే మనిషి మీరు! చూసి చెప్పండి. ఉంటే ఒప్పేసుకుంటాను, ఆయ్."

నాకు కావలసింది అదే. 'అవునండీ, అన్నాను' అని ఆయన ఒక్కసారి అంటే చాలు. ఇన్నేళ్లుగా అది నేనొక్కణ్ణే మోస్తున్నాను.

నా డైరీలు బీరువాలో ఏళ్ల వరుసలో ఉంటాయి. పది నిమిషాల్లో ఆ పేజీ దొరికింది. "ఆలమూరు వైపు. ఒక ఇల్లు. తలుపు రెక్కలు రెండు, వేపకర్ర. మడతబందులు ఆరు. నంబరు పదకొండు. వాన. తిరుగు దారిలో ఆత్రేయపురంలో పూతరేకులు."

అంతే. బాలింత లేదు. కుక్కలు లేవు. ఆయన మాట లేదు, నా నవ్వు లేదు. పూతరేకులున్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు. "చూసేరా?"

"చూశాను. లేదు."

"చెప్పేనా లేదా!" ఆ గొంతులో ఎంత హాయో. "మీరు రాయలేదంటే జరగలేదండీ. ఈ శనివారం వాడపల్లి వెళ్లొద్దాం రండి. దర్శనం చేసుకుంటే మనసు కుదుటపడుతుంది."

మోకాలు నొప్పిగా ఉంది, రాలేనన్నాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

పాత పేజీల్లో తరువాత ఒక్క అక్షరం కూడా చేర్చకూడదన్నది నా నియమం. ఈరోజు దాన్ని మీరుదామని పెన్ను మూత తీసి కూర్చున్నాను. ఎవరి గురించి రాస్తున్నానో ముందు రాయాలి కదా. ఆవిడ పేరు నాకు తెలియదు. ఆ రోజు అడగలేదు. తలుపుల నంబరు మాత్రం ఉంది.