చౌరస్తాలో నూనె తగ్గిన రోజు

స్టెంటు వేసిన డాక్టరు నాకు మూడు నెలలు గడువిచ్చాడు. గుండెకు పోయే నాళాల్లో ఇంకొకటి సగం పూడిందట. ఉప్పు, నూనె, వేపుళ్ళు తగ్గించి, వేళకు మందులు మింగితే సరే, లేదంటే ఛాతీ కోసి బైపాస్ చేయాల్సిందేనన్నాడు. నేను తలూపాను. మా ఆవిడ నోటుబుక్కులో రాసుకుంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో సొరకాయ రాజ్యమేలింది. సొరకాయ కూర, సొరకాయ పప్పు, సొరకాయ రొట్టె. మా గల్లీలో బండి మీద కూరగాయలమ్మే ఆయన నా ఒక్కడి పుణ్యాన తుర్కయంజాల్‌లో రెండంతస్తుల మేడ కట్టాడని నేను ఇప్పటికీ చెబుతుంటాను. మా ఇంటి పై వాటాలో అద్దెకుండే గుంటూరు అక్కయ్యగారి ఆవకాయ జాడీ నాకు చివరి ఆశ. ఆమె కూడా మా ఆవిడతో కలిసిపోయింది. "జాడీని అటక మీద పెట్టేశానండీ తమ్ముడుగారూ, ఏమనుకోకండి," అంది.

సరిగ్గా అప్పుడే తెలంగాణ కోసం మా ఆఫీసు సమ్మెకు దిగింది. పొద్దస్తమానం ఇంట్లో నేనూ, సొరకాయా. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఒక పక్క నిరాహార దీక్షల టెంటు, ఇంకో పక్క వంటా వార్పు. అంటే బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే తినడం. పోరాటాల్లో ఇంత రుచికరమైనది ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

"నేను దీక్షల కూసుంటున్న. సాయంత్రం దాంక మంచినీళ్ళే," అన్నాను ఇంట్లో.

"మరి పగటి గోలీ? తిన్నంక ఏసుకోవాలె గద?"

"ఒచ్చినంక ఏసుకుంట."

టెంటు వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. బగారా అన్నం, నూనె తేలే వంకాయ కూర, మిరపకాయ బజ్జీలు. ఉద్యమమంతా నా ఆకలి మీదే నడుస్తున్నట్టు తిన్నాను. సాయంత్రం మెడ వేలాడేసుకుని ఇంటికి పోతే, మా ఆవిడ తడికళ్ళతో నిమ్మకాయ నీళ్ళిచ్చేది. నా పక్కన కూర్చున్న ముగ్గురు లీడర్లు సొమ్మసిల్లారనీ, నేను మాత్రం కదల్లేదనీ చెప్పేవాణ్ణి. పగటి గోలీ సంగతి ఇద్దరమూ మరిచిపోయేవాళ్ళం.

ఎనిమిదో రోజు నినాదమిస్తుంటే ఎడమ చేతి రెక్కలోకి సన్నగా లాగింది. బజ్జీల గ్యాస్ అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడంటున్నాను గానీ, భయపడ్డాను. ఆ సాయంత్రం ఇంట్లో లీడర్లెవరూ సొమ్మసిల్లలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ గోలీ, మజ్జిగ సీసా పట్టుకుని చౌరస్తాకు వచ్చింది. వెంట అక్కయ్యగారు. దీక్ష టెంటులో అడిగితే, "ఆయన ఈడెందుకుంటడక్కా, రోజూ గా వంట గంజుల కాడనే," అన్నారట. వచ్చేసరికి నా చేతిలో విస్తరి, విస్తరిలో నాలుగు బజ్జీలు.

"దీక్ష మంచిగ నడుస్తున్నదా?"

"గిప్పుడే విరమించిన," అన్నాను.

"నిన్న ఇంటికొచ్చి రెక్క రుద్దుకుంట కూసున్నవ్. నేను సూడలేదనుకున్నవా?"

ఆమె విస్తరి లాక్కుని, మజ్జిగ తాగించి, గోలీ మింగించి, పొయ్యి దగ్గరికి నడిచింది.

"అన్నా, గా నూనె డబ్బా జర ఇటియ్యి."

"నూనె లేకుంటే కూరెట్ల దిగుతదక్కా?" అన్నాడు గరిటె పట్టుకున్నాయన.

"బీపీకో గుండెకో గోలీలు మింగేటోళ్ళు చెయ్యెత్తుండ్రి!"

ముందు నినాదాలిచ్చే పెద్దమనిషి మెల్లగా చెయ్యెత్తాడు. చూస్తుండగానే చుట్టూ చేతులే. ఒకాయన అంగీ జేబులోంచి గోలీల పట్టీ తీసి సాక్ష్యంగా చూపించాడు. గరిటె ఆయన తన చెయ్యి సగమే ఎత్తి, నూనె డబ్బా ఇచ్చేశాడు.

"అమ్మా, మీరు గుంటూరోళ్ళు గద! ఈడికెట్లొచ్చిండ్రు?" అని మా గల్లీవాళ్ళెవరో అక్కయ్యగారిని అడిగారు.

"రాష్ట్రం సంగతి మీరూ మీరూ చూసుకోండి బాబూ, నూనె సంగతి నేను చూస్తాను. మా ఆయనకీ స్టెంటే."

మర్నాటి నుంచి చౌరస్తాలో జొన్న రొట్టెలు, పాలకూర పప్పు, దోసకాయ ముక్కలు. "ఉప్పేదక్కా?" అంటే, "నిమ్మకాయ పిండుకో తమ్మీ," అనేది మా ఆవిడ. అందరూ తిట్టుకుంటూనే రెండోసారి పెట్టించుకున్నారు. సమ్మె అయిపోయాక ఇంట్లోనూ అదే తిండి నడిచింది. సొరకాయకు వారానికి రెండు రోజులే దక్కాయి.

గడువు నిండింది. రక్తపరీక్షా, ట్రెడ్‌మిల్ పరీక్షా చేయించుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన కాగితాలు తిరగేస్తున్నంతసేపూ మా ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగబడే ఉన్నాయి.

"కొవ్వు బాగా తగ్గింది. ప్రస్తుతానికి ఆపరేషన్ అవసరం లేదు. ఏం తిన్నారు?"

నిరాహార దీక్ష నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఎనిమిది రోజులు బజ్జీలు తిన్న సార్. పగటి గోలీ ఎగ్గొట్టిన. రెక్క గుంజింది, ఎవరికీ చెప్పలే. ఆ తర్వాత ఈమె పెట్టిందే తిన్న."

డాక్టరు పావుగంట తిట్టాడు. ఉపవాసం పేరు చెప్పి గోలీ మానేస్తే, రెక్క గుంజినా ఆస్పత్రికి రాకపోతే, ఇంకోసారి ఇక్కడిదాకా ప్రాణంతో రారన్నాడు.

బయటికొచ్చాక మా ఆవిడ మెట్ల మీదే కూలబడి కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. షేర్ ఆటో ఎక్కాం. పక్కనున్న పెద్దాయన దవాఖాన కాగితాలు చూసి, ఏమైందని అడిగాడు.

"గుండె ఆపరేషన్ తాతా. ఆరు గంటలు కోసిండ్రు," అన్నాను.

"ఎనిమిది," అని సరిచేసింది మా ఆవిడ.