సేవ్ కాని పేర్లు, ఆగని నా నోరు

సహోదరులారా, సహోదరీలారా, నేనియ్యాల నిలవడి చెప్పేది రోగం గురించి కాదు, తాగుడు గురించి కాదు, నా కోపం గురించి. కోరుట్లల నా ఫ్లెక్సీల దుకాణం మీకెరికే, ఆడ నేను గొంతు లేపితె పక్క చాయ్ హోటల్ దాక ఇనవడేది, ఇంటికి పోతె నా బండి సప్పుడు ఇనంగనె పిల్లలు టీవీ బంద్ చేసి పుస్తకాలు తెరిచేటోళ్లు, నా భార్య ఏ తప్పూ చెయ్యకున్నా ముందే "తప్పైంది" అనేది. అదంత ఇంటికి మంచి క్రమశిక్షణ అనుకున్న నేను, సిగ్గు లేకుంట అనుకున్న.

మన ప్రార్థన లిస్టు సంగతి పాతోళ్లకు తెల్సు, కొత్తోళ్ల కోసం చెప్తున్న. ఆదివారం ఆదివారం ప్రతి ఇంటి పేరు, ఆ ఇంటి బాధ సదివి ప్రార్థన చేస్తం గద. ఎనుకట రెండు కాయితాలుండె, రెండో కాయితం మీదున్నోళ్లు "మేమేమన్న ఎనుకటోళ్లమా" అని మనసుల పెట్టుకున్నరు, గందుకని పెద్దలు కూసొని ఎన్ని ఇండ్లున్నా ఒకటే కాయితం అని ఖాయం చేసిండ్రు. ఆ లిస్టును వెబ్‌సైట్‌ల పెట్టే పని నాకిచ్చినప్పుడు గూడ గదే మాట. నేను అన్ని ఇండ్లను ఒకటే పేజీల పెట్టిన, ఒక్కో ఇంటికి ఐదు డబ్బాలు, పేరు, ఊరు, ఫోను, బాధ, ప్రార్థనకు వచ్చిన జవాబు. టైపు చేసేతందుకు కథలాపూర్ నుంచి రూతు చెల్లె వచ్చేది, దేవుని పని అని బస్సు కిరాయి గూడ అడుగకపోయేది.

వీర్నపల్లి కుటుంబాలు మన సంఘంల అందరికన్న ఆఖరికి కలిసినయి కాబట్టి వాళ్ల పేర్లు పేజీల అన్నిటికన్న కిందికి వచ్చినయి. అవి ఎక్కిచ్చినప్పటి సంది సేవ్ కొడితె చాలు, ఎర్ర అక్షరాలల్ల "సేవ్ కాలేదు" అని వస్తుండె. మల్ల తెరిచి చూస్తె పై పేర్లన్ని ఉంటున్నయి, వీర్నపల్లి పేర్లే ఉంటలేవు. ఆదివారం సదివేది గూడ ఆ పేజీల చూసే కాబట్టి, రెండు ఆదివారాలు అవి సదువనే లేదు. ఆ ఊరి తల్లి ఒకామె, కొడుకుకు కిడ్నీలు పాడైనయి, రెండు బస్సులు మారి వచ్చి, లిస్టు సదివినంత సేపు తలకాయ ఎత్తి ఇన్నది, కొడుకు పేరు రాలేదు, ఎవర్నీ ఏమీ అడుగకుంట చెప్పులేసుకొని పోయింది. అది చూసి నా కోపం రూతు మీదికి మళ్లింది.

"సేవ్ కొట్టిన అన్నా" అంటనే ఉన్నది ఆ పిల్ల. నేను ఇంటెనా? ఆరాధన అయినంక అందరు చూస్తుండంగ, "చేతగాకపోతె చేతగాదని చెప్పు, దేవుని పనితోని ఆటలాడకు" అన్న. చేతులల్ల ఉన్న కాయితాలు బల్ల మీద పెట్టి పోయింది, మల్ల ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారం గూడ రాలేదు.

ఇగ నేనే కూసున్న. నా చేతితోని కొట్టినా గవే ఎర్ర అక్షరాలు. పాస్‌వర్డ్ మార్చిన, వైఫై ఇడిసి ఫోను నెట్ పెట్టిన, పక్క దుకాణపాయన కంప్యూటర్ల గూడ చూసిన, ఆఖరికి ఇంట్ల ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి "ప్రభువా, గీ మిషన్ల జొచ్చిన దురాత్మను ఎల్లగొట్టు" అని ప్రార్థన చేసిన, నవ్వకుండ్రి, నిజంగనే చేసిన. అప్పుడు నా భార్య తలుపు కాడ నిలవడి, ఇన్నేండ్ల సంసారంల మొదటిసారి నాకెదురు మాట్లాడింది, "మిషన్ల ఏం లేదేమో, ఆ పిల్ల నిజమే చెప్పిందేమో" అన్నది. నేను గయ్యిమనేతందుకు తిరిగిన. నేను నోరు తెరువకముందే ఆమె "తప్పైంది" అన్నది. నా ఇంట్ల నిజం చెప్పినందుకు గూడ తప్పైందనవట్టె, సహోదరులారా. గక్కడనే మోకాళ్ల మీద పడ్డ. "తండ్రీ, తప్పు నాదైతె నాకే చూపియ్యి, నేను తట్టుకుంట" అన్న.

లేచి మల్ల పేజీ చూస్తె పైన ఒక ఇల్లు రెండుసార్లు ఎక్కింది. అది తీసేసి సేవ్ కొట్టిన. ఎర్ర అక్షరాలు పోలేదు గని, కింద వీర్నపల్లి ఇల్లు ఒకటి నిలిచింది. ఇంకో ఇల్లు తీసి చూస్తె ఇంకోటి నిలిచింది. అంటె ఇది చేతి తప్పు కాదు, పేజీల పట్టే లెక్క దాటుతున్నది. మన వెబ్‌సైట్ సర్వర్ చూసుకునేటోళ్లకు ఫోన్ చేస్తె, అవుతలి పిల్లగాడు ఓపికగ చెప్పిండు, ఒక పేజీకి వెయ్యి డబ్బాలే తీసుకునేటట్టు సర్వర్ల సెట్టింగ్ ఉన్నది, ఇంటికి ఐదు లెక్కన రెండువందల ఇండ్లకే వెయ్యి నిండుతయి, మీవి అంతకన్న ఎక్కువున్నయన్నా, పెంచుత అన్నడు. పెంచినంక కొట్టిన, అన్ని పేర్లు నిలిచినయి. అన్ని ఇండ్లను ఒకటే పేజీల పెట్టింది నేను, మాటలు పడ్డది ఆ పిల్ల.

తెల్లారి పొద్దుగాల్నే కథలాపూర్ పోయిన. రూతు, వాళ్లమ్మ అర్రల కూసొని బీడీలు చేస్తున్నరు. నేను కింద కూసొని "క్షమించు చెల్లె" అన్న. రూతు చాట పక్కకు పెట్టి లేచింది. లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చింది. అండ్ల వీర్నపల్లి పేర్లన్ని రాసున్నయి, ఆ తల్లి కొడుకు పేరు గూడ. "లిస్టుల నిలుస్తలేవు గదా అన్నా, ఎవరో ఒకరు సదవాలె గదా" అన్నది. రోజు పొద్దుగాల బీడీల చాట ముందట పెట్టుకునే ముందు, తల్లీ బిడ్డ ఆ పేర్లు సదివి ప్రార్థన చేస్తున్నరట. ఆ బుక్కు చేతుల పట్టుకొని నేను ఏడ్సిన.

ఆ దినం సంది నా బండి సప్పుడు ఇనవడ్డా ఇంట్ల టీవీ నడుస్తనే ఉంటున్నది. కోపం అసలే రాదని అబద్ధం చెప్ప, వచ్చినప్పుడల్ల మోకాళ్ల మీద పడుతున్న, దేవుడు నా నోరు మూయిస్తున్నడు. దేవునికే మహిమ. నా లెక్క కోపముండి ఇంటోళ్లను ఏడిపిచ్చేటోళ్లు ఈడ ఎవరన్న ఉంటె, నన్ను మార్చిన ప్రభువును నమ్ముండ్రి, మిమ్ముల గూడ మారుస్తడు, ఇయ్యాలనే రాండ్రి.

పదిమందిల తిట్టిన కాబట్టి పదిమందిలనే అడుగుతున్న, ఇయ్యాల మల్ల వచ్చి ఆడ కూసున్న రూతు చెల్లె, నన్ను క్షమించు. ఇగ లిస్టు నువ్వే సదువు. వీర్నపల్లి నుంచి మొదలుపెట్టు. నేను కూసొని చెవి పెట్టి ఇంట.