లారీలు రాని కామసముద్రం దారి

ఆదివారమైతే చాలు, బెంగళూరు నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు ఇప్పుడు మా వైపు ఎక్కువైనారు. పోయిన నెల ఇద్దరు మా ఇంటి ముందర ఆగి నీళ్లడిగినారు. తాగి, మూతి తుడుచుకొని, "కామసముద్రం వైపు బండ్లు తిరగని రోడ్డు ఏదైనా ఉందా అవ్వా?" అని కన్నడలో అడిగినారు. చెప్పినాను. చెప్తా ఉంటే నా గొంతు నాకే మా మామ గొంతు మాదిరి వినిపించింది. ఆ దారి వెతికి పెట్టింది ఆయనే, నా కోసం.

అప్పటికి మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేండ్లయింది. నా మొగుడు మిల్లులో, బంగారు రాయిని పొడి చేసే చోట, షిఫ్టు పని చేసేవాడు. వాళ్ల నాయన, అంటే మా మామ, అంతకు ముందే భూమి కింద పని మానుకున్నాడు. మానుకున్నాడు అనకూడదు, డాక్టర్లే మానిపించినారు. ముప్పై ఏండ్లు డ్రిల్లు పట్టుకొని రాయికి బొక్కలు వేసిన మనిషి. ఆ రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకొని నిలబడిపోయేవాడు. సైకిలు మాత్రం విడిచిపెట్టలేదు. "నడిచేదానికన్నా ఇదే సుఖం. సమంగా ఉండే దారిలో కాలు ఆడిస్తే చాలు, అదే పోతాది" అనేవాడు.

నాకు కామసముద్రం దగ్గర ఒక పల్లె బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సులో పోవాలంటే బంగారపేట పోయి, ఆడ ఇంకో బస్సు పట్టుకొని, దిగి మళ్లీ నడవాలి. బడి గంట కొట్టే లోపల చేరేది కష్టం. ఇంట్లో నాలుగు రోజులు ఇదే మాట. అయిదో రోజు మామే అన్నాడు, "సైకిలు నేర్చుకోనీ."

అత్త చేతిలో చేట ఆగిపోయింది. "కోడలు సైకిలెక్కి ఊరంతా తిరుగుతాదా? నగరా నలుగురూ?"

"నగేవాళ్లు దినమూ వచ్చి దాన్ని బడి కాడ దించిపోతారా?" అన్నాడు మామ. అత్త నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

గని కూలీలుండే మా లైను ఇండ్లకు పైన, బంగళాల వైపు, ఒక ఆంగ్లో ఇండియన్ నర్సమ్మ ఉండేది. వాళ్లంతా ఒక్కొక్కరే ఊరు వదిలి పోతా ఉన్న కాలం అది. ఆమె కూడా ఆస్ట్రేలియాకు పోతా, తన ఆడోళ్ల సైకిలు నాకిచ్చి పోయింది. ముందర కమ్మీ లేని సైకిలు, చీరకు అడ్డం రాదు.

లైన్ల వెనకాల ఫుట్‌బాల్ మైదానంలో నేర్చుకున్నాను. షిఫ్టు లేని రోజు నా మొగుడు సీటు పట్టుకొని పరిగెత్తేవాడు. మిగతా రోజులు మామ మైదానం మధ్యలో నిలబడి చెప్పేవాడు. పడితే దగ్గరికి వచ్చి లేపేవాడు కాదు, కోడల్ని ముట్టుకోకూడదు గదా. "దెబ్బ తగిలిందామ్మా?" అని అక్కడి నుంచే అడిగి, "లే. కింద చూడొద్దు. నువ్వు యాడ చూస్తే సైకిలు ఆడికే పోతాది" అనేవాడు. మోకాళ్లు రెండూ చీరుకుపోయినాయి కాని, పదైదు రోజుల్లో సైకిలు తొక్కేది వచ్చేసింది.

మొదటి రోజు పెద్ద రోడ్డులోనే పోయినాను. గనులకు దుంగలు తెచ్చే లారీ ఒకటి వెనకాల నుంచి హారను కొడతా వచ్చింది. భయపడి హ్యాండిలు తిప్పేసి, సైకిలుతో సహా కాలవలో పడినాను. చిరిగిన చీరతో ఇంటికొచ్చి, "నాకీ ఉద్యోగం వద్దు" అని ఏడ్చినాను. అత్త తలుపు దగ్గర నిలబడి చూసింది. మామ నా సైకిలు వంకర సరిచేసి, గోడకానించినాడు.

మరుసటి రోజు నుంచి కాఫీ తాగి సైకిలెక్కి పోయేవాడు, మధ్యాన్నానికి వచ్చేవాడు. యాడికి అంటే, "ఊరికే" అనేవాడు. వారం తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, సున్నపు ముక్కతో నేల మీద గీత గీసినాడు.

"ఇది సైనైడు దిబ్బ. దీని వెనకాల ఎడ్లబండ్ల దారి ఉండాది, లారీ పట్టదు. అట్లే పోతే చెరువు కట్ట. కట్ట మీద పోవద్దు, కింద మామిడి తోపులో పో, నీడ. ఆ తర్వాత ఒక మిట్ట ఉండాది, నాకు మూడు ఊపిర్ల మిట్ట."

"మూడు ఊపిర్లంటే?"

"మూడు సార్లు దిగి ఊపిరి పీల్చుకున్నాను. నీకు ఒకటి కూడా అక్కర్లేదు."

అంత దూరం, ఆ ఊపిరితిత్తులతో, రోజుకొక దారి తొక్కి చూసి వచ్చినాడని అప్పుడు తెలిసింది. ఏ మలుపులో కుక్కలుంటాయో, ఏ ఇంటి వాళ్లు అడిగితే నీళ్లిస్తారో, అన్నీ చెప్పినాడు. వినలేక లోపలికి పోయి ముఖం కడుక్కున్నాను.

ఆ దారి ఎట్లుండేదో ఇప్పటికీ కండ్ల ముందర ఉంది. తెల్లగా బూడిద మాదిరి దిబ్బ, బంగారం తీసుకున్నాక మిగిలిన రాతిపొడి. గాలి లేస్తే అది కండ్లలో పడేది. దిబ్బ దాటితే ఊరి చప్పుడు అంతా అక్కడే నిలిచిపోయేది. ఆ తర్వాత వినిపించేది నా గొలుసు చప్పుడు, పిట్టలు, దూరంగా ఎవరో ఎద్దుల్ని అదిలించే గొంతు. రెండు పక్కలా రాగి చేలు. పట్టుపురుగులు పెంచే ఇండ్ల ముందర పోతే తడి మల్బరీ ఆకు వాసన. పొద్దున మంచులో రాతిగుండ్ల మీద కొంగలు కూర్చొని ఉండేవి. మొదటి నెల మామ చెరువు దాకా నాతో వచ్చి, నేను తోపు దాటేదాకా నిలబడి చూసేవాడు. తర్వాత నేనొక్కదాన్నే పోయేదాన్ని. ఎదురుగా మనిషి కనిపించని రోజులు కూడా ఉన్నాయి. అయినా భయం వేయలేదు.

రెండేండ్లు గడిచినాయి. ఒక ఆదివారం మామ అన్నాడు, "మా జోడీవాడు రాష్ట్రం సరిహద్దు పల్లెలో సేద్యం చేసుకుంటా ఉండాడంట. చూసి రావాలని ఉండాదమ్మా." జోడీవాడంటే భూమి కింద ఆయనతో కలిసి డ్రిల్లు పట్టినవాడు. అతను ఉండే ఊరు మా బడికి రెండు మైళ్లు అవతల. నా మొగుడికి షిఫ్టు. "నేను తోడు వస్తాను మామా" అన్నాను. అత్త రాగి రొట్టెలు, వేరుశనగ పచ్చడి మూట కట్టిచ్చింది.

మెల్లగా పోయినాము. కోతలైపోయిన కాలం. ఒక చోట రోడ్డంతా రాగి కంకులు పరిచి, పక్కన ముసలమ్మ ఒకామె కూర్చొని ఉంది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని పరిచింది, కాని ఆ దారిలో బండ్లేవి?

"తొక్కిపోండి, తొక్కిపోండి" అనింది నవ్వతా. "పొద్దుటి నుంచి మీరిద్దరే వచ్చింది."

మామ దాని మీద రెండు సార్లు అటూ ఇటూ తొక్కి, "చాలునా అవ్వా?" అన్నాడు. ఆయన అంత నవ్వేది నేను ఎప్పుడూ చూడలేదు.

జోడీవాడు పొలంలోనే కనిపించినాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఎంత మాట్లాడుకుంటారో అనుకున్నాను. పది మాటలు కూడా మాట్లాడలేదు. ఒకడు దగ్గితే, ఆ దగ్గు తగ్గేదాకా ఇంకొకడు ఆగేవాడు. రొట్టెలు పంచుకొని తిన్నారు. లేచేటప్పుడు జోడీవాడు మామ భుజం మీద చెయ్యి పెట్టి, "ఈడ గాలి బాగుండాది. వస్తా ఉండు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. ముసలమ్మ కంకులు పరిచిన చోటికి వచ్చేసరికి మామ సైకిలు దిగి, హ్యాండిలు మీద వాలిపోయినాడు. పెదాలు నల్లబడినాయి. గొంతులో ఈల మాదిరి చప్పుడు. ముసలమ్మ నీళ్లు తెచ్చింది. అర్ధగంట కూర్చోబెట్టినాము. ఊపిరి కొంచెం నిలబడింది కాని, తొక్కే శక్తి లేదు. రోడ్డుకు రెండు వైపులా చూసినాను. ఒక్క బండి లేదు. లారీలు రావని రెండేండ్లు సంతోషపడిన దాన్ని, ఆ పొద్దు ఒక్క లారీ వస్తే చాలు దేవుడా అనుకున్నాను.

"మామా, నా వెనకాల ఎక్కు" అన్నాను.

"వద్దమ్మా. కోడలి వెనకాల మామ కూర్చునేది యాడైనా ఉండాదా?"

"యాడా లేకపోతే ఈడ ఉండాది. ఎక్కు."

అంత గట్టిగా ఆయనతో అంతకు ముందు మాట్లాడలేదు. ముసలమ్మ మధ్యలో వచ్చింది. "నీ సైకిలు నా ఇంట్లో పెట్టిపో అప్పా. కూతురనుకొని కూర్చో."

కూర్చున్నాడు. మొదట నా సీటు కింద స్ప్రింగు పట్టుకున్నాడు. గుంతలో సైకిలు ఊగినప్పుడు నా భుజం పట్టుకొని, వెంటనే చెయ్యి తీసేసినాడు. "పట్టుకో మామా, లేకపోతే ఇద్దరమూ పడతాము" అన్నాను. అప్పుడు పట్టుకున్నాడు, తర్వాత వదల్లేదు. ఆయన ఎంత తేలికైపోయినాడో ఆ రోజు నా కాళ్లకు తెలిసింది. పెద్ద మనిషి, వెడల్పు భుజాలు, బరువు మాత్రం మా బడి పిల్లంత. నా వీపు వెనకాల ఆ ఈల చప్పుడు వింటా తొక్కినాను. మిట్ట వచ్చినప్పుడు దిగి, ఆయన్ను కూర్చోబెట్టే తోసుకుంటా ఎక్కించినాను.

దిబ్బ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలతా ఉంది. "ఈడ దించేయమ్మా. ఇంగ నడిచి వస్తాను" అన్నాడు. లైన్లలో జనం బయట కూర్చునే పొద్దది. ఆపినాను. ఆయన దిగలేదు. కాసేపు ఊపిరి తీసుకొని, "వద్దులే. ఇంటికాడికే పోనీ" అన్నాడు.

లైనంతా చూసింది. ఎవరూ నగలేదు. నగినా నాకు వినిపించి ఉండదు. అత్త గడపలో నిలబడి ఉంది. మామను పట్టుకొని లోపల పడుకోబెట్టి, రెండు చెంబుల్లో మజ్జిగ తెచ్చింది. ఒకటి ఆయన పక్కన పెట్టి, రెండోది నా చేతికిచ్చి, నేను తాగేదాకా నా ముందరే నిలబడింది. "కాళ్లు నొస్తా ఉండాయా?" అని అడిగింది. ఆ రాత్రి వేడినీళ్లు కూడా ఆమే కాచింది.

మామ ఆ తర్వాత అంత దూరం సైకిలు తొక్కలేదు. ఇంకో ఏడాదిన్నర బతికినాడు. సాయంత్రం నేను వచ్చేసరికి వరండాలో కుర్చీ వేసుకొని ఉండేవాడు. "చెరువులో నీళ్లెంత ఉండాయి? రాగి పైరు మోకాలి ఎత్తొచ్చిందా? తోపు పూత పట్టిందా?" అని అడిగేవాడు. జవాబు చెప్పాలి గదా అని నేను దారంతా చూసుకుంటా వచ్చేదాన్ని. ఆయన పోయిన తర్వాత కూడా కొన్ని నెలలు ఇంటికొచ్చి ఖాళీ వరండా చూసేదాకా అట్లే లెక్క పెట్టుకుంటా వచ్చేదాన్ని.

ఆయన పోయిన కొన్నేండ్లకు మా ఊరి నుంచి నేరుగా మా బడి ముందరికే బస్సు వేసినారు. హెడ్మాస్టరు పిలిచి, "ఇంకెందుకు మేడం ఆ సైకిలు కష్టం?" అని అడిగినాడు.

"బస్సు టైముకు రాదు సార్" అన్నాను.

బస్సు టైముకే వచ్చేది. బంగారపేటకు బదిలీ అయ్యేదాకా, ఇంకో నాలుగేండ్లు, నేను మామిడి తోపు దారిలోనే పోయినాను.