గనిలో కప్పు కొట్టి విన్నట్టు: గోదావరిఖనిలో ఒక రోజు

అన్నయ్య నాతో మాట్లాడి ఆరేళ్ళయింది. తప్పు నాదే. అమ్మ పెద్దకర్మ రోజున భోజనాల పంక్తిలో కూర్చున్నవాళ్ళ చేతుల్లో యేసు ప్రభువు గురించిన కరపత్రాలు పెట్టాను. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఉత్సాహం, అందరికీ ఆ రోజే చెప్పెయ్యాలన్న తొందర. అన్నయ్య పంక్తి పొడుగునా నడిచి ఆ కాగితాలన్నీ వెనక్కి తీసుకుని నా చేతిలో పెట్టాడు. "వీళ్ళు అమ్మ కోసం వచ్చారురా" అన్నాడు. ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు. పోయిన నెల వదినే ఫోన్ చేసి, "ఒకసారి రావయ్యా. కానీ తిన్నగా ఇంటికి రాకు. ముందు మీ అన్నయ్య జోడీ ఏలియా గారిని కలువు" అంది. అన్నయ్య గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడు. జోడీ అంటే గనిలో పక్కనే ఉండి పనిచేసే మనిషి. ఆ ఏలియా కూడా క్రైస్తవుడని విని ఆశ్చర్యపోయాను. నన్ను గుమ్మం తొక్కనివ్వని అన్నయ్య, అతనితో పదకొండేళ్ళుగా ఎలా వేగుతున్నాడు?

తెనాలి నుంచి వెళ్ళేవాళ్ళు విజయవాడలో ఉదయం ఆరింటికల్లా బండి ఎక్కితే మంచిది. ఖమ్మం, వరంగల్ దాటి పదకొండున్నరకు రామగుండంలో దిగాను. స్టేషన్ బయటే గోదావరిఖనికి వెళ్ళే షేర్ ఆటోలుంటాయి, మనిషికి పదిహేను రూపాయలు. గోడల నిండా ప్రత్యేక రాష్ట్రం కావాలన్న రాతలు. నా యాస విని డ్రైవర్ ఏమంటాడోనని కొంచెం బెదిరాను. అతను అడిగింది వేరు.

"ఎవరింటికి పోవాలె సార్?"

"మా అన్నయ్య ఇక్కడ గనిలో పనిచేస్తాడు."

"గట్లనా! ఇప్పుడు ఏ షిఫ్టుల ఉన్నడు?"

తెలియదన్నాను. "సొంత అన్న షిఫ్టు ఎర్కలేదా?" అని నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఏలియా గారి క్వార్టర్ రెండు గదులది. నడుం పట్టేసి వారం రోజులుగా సెలవులో ఉన్నారట, మంచం మీద వెల్లకిలా పడుకునే పలకరించారు. ఆయన భార్య టీ ఇచ్చింది. నేను సంచిలోంచి కొత్త బైబిలు తీసి చూపించాను. అన్నయ్య కోసం కొన్నాను, తోలు అట్టది. మెచ్చుకుంటారనుకున్నాను.

"సంచిలనే ఉండనియ్యి తమ్మి" అన్నారు.

"ఎందుకండీ? మీరు చెప్పట్లేదా ఆయనకి?"

"మొదటి మూడేండ్లు నేను యేసయ్య మాటనే ఎత్తలే. నా టిఫిన్ల కూర ఆయనకు పెట్టిన, ఆయన టిఫిన్ల పచ్చడి నేను తిన్న. ఒకనాడు ఆయననే అడిగిండు, తినే ముందు కండ్లు మూసుకొని ఏమనుకుంటవే అని. అడిగిందానికి చెప్పిన. అంతే."

"మరి నమ్మాడా?"

"గది నా చేతిల లేదు." పడుకునే వేలెత్తి పైకప్పు చూపించారు. "బాయిల, గదే గనిల, దిగినంక మేము మొదలు ఏం చేస్తమో ఎర్కనా? కర్రతోని పైకప్పు కొట్టి వింటం. గట్టిగ పలికితే కింద నిలబడి పని చేస్తం. డొల్ల మోగితే ఎనుకకు జరుగుతం. అట్లనే కొడుతుంటే కప్పు మీద పడుతది. మీ అమ్మ పోయినప్పుడు మీ అన్న లోపలంత డొల్ల. నువ్వు ఇనలే తమ్మి, కొడుతనే ఉన్నవు."

ఆరేళ్ళుగా అన్నయ్య మూర్ఖత్వం గురించే ప్రార్థన చేశాను. నా చెవుల గురించి ఒక్కసారీ చెయ్యలేదు.

అన్నయ్యది మొదటి షిఫ్టని ఆయనే చెప్పారు. నాలుగింటికి వెళ్ళాను. అప్పుడే వచ్చాడు, కళ్ళకు కాటుక పెట్టినట్టు బొగ్గు నుసి. నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. "అమ్మ పెద్దకర్మ రోజున అలా చెయ్యకుండా ఉండాల్సింది అన్నయ్యా. క్షమించు" అన్నాను. ఇంకేమీ అనలేదు. అన్నయ్య స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "ఇద్దరికీ వడ్డించు" అని వదినతో చెప్పాడు.

కంచం ముందుకొచ్చింది. ఇక్కడ కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఏమవుతుందోనని భయపడి గబగబా ముద్ద కలపబోయాను. అన్నయ్య చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది.

"ప్రార్థన చేసుకోవా?"

"ఇవాళ్టికి వద్దులే అన్నయ్యా."

"ఏలియా చేసుకుంటాడు. వాడిది అయ్యేదాకా నేను ముద్ద ముట్టను, అలవాటైపోయింది. కానియ్, ఆగుతాను."

కళ్ళు మూసుకున్నాను. ఒక్క మాటా కూడలేదు, ఏడుపొచ్చింది. తెరిచేసరికి అన్నయ్య ఇంకా ఆగే ఉన్నాడు.

బైబిలు నాతోపాటే తెనాలి తిరిగొచ్చింది. విశ్వాసం గురించి నేను వందలమందికి చెప్పి ఉంటాను, ఎవరి కోసమూ మూడేళ్ళు ఆగలేదు. అన్నయ్య ఎప్పుడైనా అడుగుతాడేమో, అడగకపోవచ్చు కూడా. ఇప్పుడు వారం వారం మాట్లాడుకుంటున్నాం. అతని షిఫ్టు ఏదో నాకు తెలుసు. ఆ వైపు బంధువుల ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: ముందే ఫోన్ చేసి షిఫ్టు కనుక్కోండి. రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు పగలు పడుకుంటారు. తలుపు కొట్టకండి, వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా అరుగు మీద కూర్చోండి.