పైన్ చెక్క మీద పొన్నుకర్ర

కాజాలు కుట్టే ఆవిడకి యాభై ఒకటో ఏట ఆ ఇంట్లో మాట చెల్లే రోజొచ్చింది. "నేలకి ఏ చెక్క వేయించాలో నువ్వే చెప్పక్కా" అన్నాడు తమ్ముడు. అంతకుముందు ఆవిణ్ణి ఏమైనా అడిగారంటే కత్తెర ఎక్కడ పెట్టావనో, గ్యాస్ కట్టేశావా అనో అడిగారు. అందుకని ఉబ్బి తబ్బిబ్బయిపోయింది పాపం.

ఆరో ఏట జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడింది. అప్పట్నుంచీ చేతికర్రే ఆధారం. దాని కొసన ఇనుప పొన్ను ఉండేది. దానికి రబ్బరు తొడుగు వేసి చూస్తే రెండుసార్లు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది, ఇక ఆ జోలికి పోలేదు. అమ్మానాన్నా పోయాక ఆ కర్రతోనే తిరుగుతూ తమ్ముణ్ణి పెంచింది. దర్జీ కొట్టు నుంచి వచ్చే చొక్కాలకి కాజాలు కుట్టి చదివించింది, పెళ్ళి చేసింది. ఒకరి చెయ్యి పట్టుకోకుండా ఇల్లంతా తిరగగలగడం ఒక్కటే ఆవిడకి మిగిలిన ఆస్తి.

చెక్కనేల పరిచే మేస్త్రికి ఒక పద్ధతుంది. కొట్లో ముక్క చూసి ఎంచుకుంటామంటే ఒప్పుకోడు. ఓక్, టేకు, పైన్ పలకలు తెచ్చి, అందరూ నడిచే హాలు గుమ్మంలో పక్కపక్కన పరిచి వారం రోజులు వదిలేశాడు. "ఏది పనికొస్తుందో మీ కాళ్ళే చెప్తాయి. వారమయ్యాక వచ్చి దెబ్బలు చూస్తాను" అన్నాడు. పైన్ మీద బొటనవేలి గోరు నొక్కి చూపించాడు. గాటు పడింది. "ఇది చూపులకే. అమ్మ కర్రకి ఆగదు."

మరదలు మాత్రం ఆ వెన్నరంగు పైన్ మీదే మనసు పారేసుకుంది. వచ్చేపోయే వాళ్ళందరికీ దాన్నే చూపించింది. మరదలు వదినగారితో నవ్వుతూ మాట్లాడిన సందర్భాలు పదకొండేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైన్ నెగ్గితే ఇంకోసారి నవ్వుతుందేమోనని ఈ పిచ్చితల్లి ఆశ. వారమంతా గుమ్మం దగ్గరికి రాగానే కర్రని ఓక్ మీదో టేకు మీదో ఆనించి, చచ్చుకాలిని ఈడ్చుకుంటూ పైన్ పలకని తప్పించుకుని దాటింది. ఒక మధ్యాహ్నం సోఫాలోంచి మరదలు చూసింది. మళ్ళీ ఫోన్లో తల దూర్చింది.

మేస్త్రి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. గట్టి చెక్కల మీద చుక్కలు చుక్కలుగా నొక్కులున్నాయి, పైన్ అద్దంలా ఉంది. తల గోక్కున్నాడు. "ముప్ఫై ఏళ్ళలో ఇలా చూడలేదు. అసలు దీని మీద నడిచారామ్మా?"

"నడవకుండా ఎలా వెళ్తాను బాబూ" అంది. అబద్ధం అలవాటు లేని మనిషి, కర్రని చీరకుచ్చెళ్ళ చాటుకి జరుపుకుంది. తమ్ముడు అడిగితే పైన్ అని చెప్పేసింది. మరదలు నిజంగానే నవ్వింది, "మా వదిన మంచి అభిరుచి ఉన్న మనిషి" అని కూడా అంది. ఆ మాటతో ఆ పూట ఆవిడకి ఆకలి కూడా వేయలేదు.

ఒక్క పలకైతే దాటొచ్చు గానీ ఇల్లంతా పరిచిన నేలని ఎలా దాటుతుంది? మొదటిరోజే ఆవిడ మంచం నుంచి వంటింటి దాకా చిన్న చిన్న గుంటలు బారులు తీరాయి. నాలుగోరోజుకి అవి లేని గది లేదు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా నష్టం ఆకుకే అంటారు. ఈ ఇంట్లో నేలకి గుంటలు పడితే శిక్ష మనిషికి పడింది.

"నువ్వే కదక్కా ఎంచుకున్నావు" అన్నాడు తమ్ముడు.

మేస్త్రిని మళ్ళీ పిలిపించారు. "గీకి పాలిష్ పెడితే పోతాయి. అమ్మ నడిస్తే మళ్ళీ పడతాయి. తివాచీ వేసుకోండి" అన్నాడాయన.

"తివాచీ కింద దాచుకోడానికా ఇంత అందమైన చెక్క వేయించింది?" అంది మరదలు. తర్వాత ఆవిడ వైపు తిరిగి చాలా మెత్తగా అంది, "ఆ వారమంతా ఎంత బాగా తప్పించుకుని నడిచారు వదినగారూ. నేను చూశానుగా."

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ తల దించుకుంది. చూసి కూడా చెప్పలేదేమని మరదల్ని అడిగినవాళ్ళు లేరు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి, లోకం తీరే అంత. మేస్త్రి కూడా పనిముట్ల పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

పెరట్లో పాత సామాన్ల గది ఉంది, సిమెంటు నేల. గాలీ వెలుతురూ బాగుంటాయని అక్కని అక్కడికి మార్చడానికి నిశ్చయించారు. నేల గీకించి కొత్త పాలిష్ ఆరిన ఆదివారం తమ్ముడు కర్ర లాక్కుని చంకలో పెట్టుకుని, ఆవిణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఎన్నేళ్ళకో తమ్ముడు దగ్గరికి తీసుకున్నాడని ఒక్క క్షణం ఆవిడ ప్రాణం లేచొచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ పక్కింటావిడ చూసి, "ఇలాంటి తమ్ముడు దొరకడం అదృష్టమమ్మా" అంది.

"అవునమ్మా" అంది ఆవిడ, అతని చేతుల మీద నుంచే.

"భోజనం ఇక్కడికే తెస్తాం. లోపలికి రావాలనిపిస్తే పిలువు, ఎత్తుకెళ్తాను" అని చెప్పి, కర్రని మంచానికి ఆనించి వెళ్ళాడు తమ్ముడు. మొదటి నెలలో రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ రేపన్నాడు. ఆ తర్వాత ఆవిడ పిలవలేదు. అక్కకి ఆ గది బాగా అలవాటైపోయిందని ఇంట్లోవాళ్ళు సంతోషించారు.